ఇంకొక్క పట్టు

ఓడ మీద నుంచి,
పంతొమ్మిదో రోజు

అక్కా,

సరుకుల పడవ గంటలో వెనక్కి వెళ్ళిపోతుందట. ఈలోపు ఎంత రాయగలిగితే అంత. చేతిరాత చూసి తిట్టకు. బల్ల ఊగుతోంది, దానితోపాటు నేనూ ఊగుతున్నాను.

ముందు నా మొహం సంగతి చెప్పేస్తాను, బావ ఎలాగూ రాస్తాడు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. కొట్టింది మనిషి కాదు, బురద. పన్నెండు వందల మీటర్ల లోతున ఆ బురదలో గ్యాసు అణిగి ఉంటుంది. పైనున్న నీళ్ళ బరువు దాన్ని తొక్కిపట్టి ఉంచుతుంది. మేము గొట్టం దింపి బురదని పైకి లాగేసరికి తొక్కిపట్టేవాళ్ళు ఉండరు కదా, గ్యాసు ఉబ్బి గొట్టం మూతని తుపాకీ గుండులా విసిరింది. నేను సరిగ్గా దాని మీదికి వంగి ఉన్నాను. బావ పరిగెత్తుకొచ్చి, నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కన్ను పోలేదని తేలాక "ల్యాబు మేడమ్ గారు కాస్త దూరంగా నిలబడితే మంచిది" అన్నాడు. ఓడెక్కిన దగ్గర్నుంచీ ఇదే పిలుపు. మా ఇంటి పిల్ల అని కెప్టెన్‌కి చెప్పి ఎక్కించింది తనే, ఇప్పుడు చుట్టరికం కనపడితే నలుగురూ ఏమనుకుంటారో అని భయం. నేనూ "ఆపరేటరు గారూ" అంటున్నాను. ఇద్దరం పెళ్ళిచూపుల్లో ఉన్నట్టు ఉన్నాం.

బావ నడిపే ఆ వైరు చుట్టే వించి గురించి నువ్వు వందసార్లు విన్నావు గానీ అది పనిచేస్తుంటే ఒక్కసారి చూడాలి. టన్ను బరువున్న ఇనప గొట్టం వైరు చివర వేలాడుతూ వెళ్ళి, అడుగున బురదలో కత్తిలా దిగబడుతుంది. మళ్ళీ ఊడబెరకాలి. ఓడంతా మూలుగుతుంది. ఆ సమయంలో డెక్కు మీద ఒకే గొంతు అని నియమం. అంటే వించికి ఒక్కడి మాటే చెల్లుతుంది, డెక్కు మేస్త్రీది. అదే, నీ ఎదురు మిషను వదిన మొగుడు, మన ఈలన్నయ్యది. నిజానికి అది గొంతు కూడా కాదు, చెయ్యి. వేలు తిప్పితే లాగాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. అంతసేపూ ఆ మనిషి ఈల కూడా వెయ్యడు. మా ల్యాబులోంచి వించి గదికి ఒక స్పీకరు ఉంది కానీ లోతు అంకె చెప్పడానికి తప్ప దాని మీట ముట్టుకోకూడదు.

నువ్వు అడిగావు, ఆ కంపు బురదలో ఏముందే అని. కంపు నిజమే. కుళ్ళిన గుడ్ల వాసన, తల రుద్దుకున్నా పోదు. అడుగు నుంచి గ్యాసూ, కాస్త నూనే ఊరే చోట్లు ఉంటాయి. వెలుతురు లేదు, గాలి లేదు, చలి. అక్కడ తెల్లగుడ్డ చించి పరిచినట్టు బ్యాక్టీరియా పొరలు. వాటి కిందనున్నవి నావి. రెండు జాతులు గుత్తిగా అతుక్కుని బతుకుతాయి. ఒకటి గ్యాసు తింటుంది, రెండోది దాని ఎంగిలి తింటుంది. విడదీస్తే రెండూ చస్తాయి. వాటి తిండి వల్ల చుట్టూ సున్నం పేరుకుని రాయి అవుతుంది. కంటికి కనపడనివి వేల ఏళ్ళు తిని తిని సముద్రం అడుగున రాతి చపటా పోశాయి. మేస్త్రీ లేడు, తాపీ లేదు.

ఇప్పటిదాకా ఒక్క నిండు గొట్టం రాలేదు. మూడోదీ సగం ఖాళీగా వచ్చిందని మా పెద్దసారు ట్రే ఎత్తి గోడకేసి కొట్టారు. వంటగదిలో ఇద్దరు టీ గ్లాసు కోసం కొట్టుకుని ఒకడి పన్ను ఊడింది. అందరికీ అలాగే ఉంది. ఈ చోట ఇంకా పది రోజులే ఉంటాం. నాకు ఒక్క నిండు గొట్టం చాలు అక్కా. కళ్ళు మూసుకున్నా అదే కనపడుతోంది.

నీ పురుగు

*

టార్పాలిన్ షెడ్డు,
భోజనాల వేళ

ఏమే పురుగా,

అగ్గిపెట్టెల్లో పురుగుల్ని దాచిపెట్టే రోజుల్లోనే అనుకున్నాను, ఇది ఎప్పుడో ఒకనాడు వాటి చేతే తన్నించుకుంటుందని. కుట్లు ఎవరు వేశారు? వంటవాడా? నా దగ్గరికి వచ్చి ఉంటే లారీ పట్టాకి వేసినట్టు డబుల్ కుట్టు వేసి, అంచుకి రింగు కూడా కొట్టి పంపేదాన్ని.

నీ ఉత్తరం ఎదురు మిషను వదినకి చదివి వినిపించాను. ఈలన్నయ్య ఈల వెయ్యకుండా ఉంటాడంటే నమ్మలేదు. "పెళ్ళి పీటల మీదే వేశాడు, ఇప్పుడు ఆపుతాడా" అంది. మోకాలికి నూనె రాసుకోమని చెప్పమంది. చెప్పు.

ఇక్కడా రక్తపాతమే. పొద్దున కొత్తగా చేరినామె వేలు మిషను కిందికి పోయింది. సూది గోరులోంచి దిగి ఎముక దగ్గర విరిగింది. ఆమె అరుస్తుంటే సూపర్‌వైజరు మిషనుకేమైనా అయిందా అని చూస్తున్నాడు. నేనూ వదినా కలిసి పట్టకారుతో లాగాం. వదిన ఆమె తల తన పొట్టకి అదుముకుంది, నేను లాగాను. ఒక్క పట్టులో వచ్చేసింది. తర్వాత ఇద్దరం వెళ్ళి ఒకే గ్లాసులో నీళ్ళు తాగాం. ఇద్దరికీ నవ్వొచ్చింది.

మీ బావ దూరంగా ఉంటున్నాడని కోపం తెచ్చుకోకు. నీ విషయంలో ఆయనకి ఉన్న మెత్తదనం నా విషయంలో లేదు. నేను పదిసార్లు అడగాలి, నువ్వు ఒకసారి అంటే చాలు. స్కూటరు నేర్పుతానని తీసుకెళ్తే నువ్వు గోడకి గుద్దావు గుర్తుందా? తనే గుద్దానని నాన్నతో చెప్పాడు. కొత్తల్లుడని కూడా చూడకుండా నాన్న చెంప మీద ఒకటిచ్చాడు. ఇప్పటికీ నాన్నకి నిజం తెలియదు. అందుకే ఆయన నిన్ను మేడమ్ గారూ అంటే అననీ. తన భయం తనది.

బాగా తిను. మూతల మీదికి వంగకు.

అక్క

*

ఓడ మీద నుంచి,
ఇరవై తొమ్మిదో రోజు

అక్కా,

ఈ ఉత్తరం వచ్చే పడవలోనే బావ వస్తున్నాడు. ఈలన్నయ్యని కూడా తెస్తున్నారు. ఈలన్నయ్య లేడు అక్కా.

ఎలా జరిగిందో వరసగా రాస్తాను. వదినకి వీధిలో ఎవరెవరో ఏవేవో చెప్తారు, నువ్వు ఇది చెప్పు.

నిన్న పొద్దున పదిన్నరకి గొట్టం దిగింది, దిగి ఇరుక్కుపోయింది. లాగితే రాలేదు. వించి మీద బరువు చూపించే ముల్లు ఒకటి ఉంటుంది, అది ఎర్రగీత దాకా వెళ్ళింది. వించి ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది. వైరు తెగింది.

ముందు చప్పుడు వినపడలేదు. డెక్కు మీది ఇనప కమ్మీ పుల్లలా రెండుగా విరగడం కనపడింది, ఆ తర్వాత వినపడింది. తెగిన వైరు పాములా అంటారు కానీ పాముకి ఒక దారి ఉంటుంది. ఇది డెక్కంతా ఒకేసారి కొట్టింది. నీళ్ళ పీపా చీలింది. నిచ్చెన వంగింది. ఈలన్నయ్య ఛాతీకి తగిలింది. రెండు ముక్కలయ్యాడని చెప్పుకుంటారు, వదినని నమ్మొద్దను. మనిషి మొత్తంగానే ఉన్నాడు. ఎగిరి వెళ్ళి గోడకి కొట్టుకుని, కూర్చున్నట్టు పడ్డాడు. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఎంత విప్పినా వేళ్ళు విడలేదు.

ఆ పిడికిలి చూశాకే గొడవైంది. ఆపమని చెయ్యి చూపిస్తే ఎందుకు లాగావని అందరూ బావ మీద పడ్డారు. వంటవాడు మొహాన ఉమ్మాడు. ఇంకొకడు వించి గది తలుపుకి తల పట్టి కొట్టాడు. కెప్టెన్ అడ్డం పడకపోతే సముద్రంలోకి తోసేసేవాళ్ళు. బావ మొదట, ల్యాబు స్పీకర్లోంచి ఎవరో లాగమన్నారు అన్నాడట. ల్యాబులోంచి తనకి ఏ మాటా వినపడలేదని పెద్దసారు అన్నారు. ఆ తర్వాత బావ ఇంక నోరు విప్పలేదు.

ఈలన్నయ్య పెట్టె నేనే సర్దాను. మోకాలి నూనె సీసా మూత కూడా తియ్యలేదు. చెప్పడం మర్చిపోయాను. నువ్వు చెప్పమన్నావు, నేను మర్చిపోయాను.

బావని ఒంటరిగా వదలకు.

చెల్లి

*

ఇంటి నుంచి

పురుగా,

వదిలాను. పది నిమిషాలు వదిలాను.

అన్నయ్యని సాగనంపిన నాలుగో రోజు విచారణ జరిగింది. అది అయ్యాక మీ బావ నన్ను వెతుక్కుంటూ షెడ్డుకి వచ్చాడు. గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఈలన్నయ్య తమ్ముడు నీకు తెలుసు కదా, ఓడల రిపేరు యార్డులో వెల్డరు. అతనూ ఇంకో నలుగురూ వచ్చారు. పట్టపగలు. టీకొట్టు ముందు నిలబడ్డవాళ్ళు గ్లాసులు పట్టుకుని చూశారు. ఆ ఐదుగురూ ఆయన్ని కింద పడేసి తొక్కారు. ఆయన చెయ్యెత్తలేదు. కనీసం మొహం కప్పుకోలేదు. అప్పుడు వెల్డరు, "ఏ చేత్తో లాగావురా?" అన్నాడు. ఈయన కుడిచెయ్యి చాపాడు. విన్నావా? అడగగానే చాపాడు. ఆ చెయ్యి షెడ్డు గుమ్మం మీద పెట్టి షట్టరు కిందికి లాగారు. రెండుసార్లు.

మూడు వేళ్ళు పోయాయి. ఉన్నాయి, కానీ ఇంక వేళ్ళు కావు.

నేను పట్టా కొలిచే ఇనప బద్ద తీసుకుని వెల్డరు తల మీద కొట్టాను. చెవి చీలి వేలాడింది. ఇంకోటి కొట్టబోతుంటే ఆడవాళ్ళు పట్టుకున్నారు. కొట్టనివ్వాల్సింది. ఇంతా జరుగుతుంటే వదిన మిషను ఆపలేదు. తలెత్తలేదు. షట్టరు పడుతున్న చప్పుడూ ఆవిడ కుట్టు చప్పుడూ కలిసి వినపడ్డాయి. మర్నాటి నుంచి నేను కుట్టిన పట్టాలన్నీ నా కళ్ళముందే బ్లేడుతో కుట్టువెంట కోస్తోంది. నేను మళ్ళీ కుడుతున్నాను. ఆవిడ మళ్ళీ కోస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. విచారణలో ఆయన ఏం చెప్పాడో తెలుసా? "నేనే లాగాను. ఎవరూ చెప్పలేదు." ఓడ మీద స్పీకరు అన్నాడని నువ్వే రాశావు. ఇక్కడికొచ్చాక లేదంటున్నాడు. కేసు పెట్టారు. జైలు ఖాయం అంటున్నారు. వెల్డరైతే అక్కడిదాకా వెళ్ళనివ్వనంటున్నాడు. ఆయనకి ఆ గొంతు ఎవరిదో తెలుసే. తెలిసి చెప్పడం లేదు. పదకొండేళ్ళు కాపురం చేశాను, ఆయన అబద్ధం చెప్తుంటే చెవులు ఎర్రబడతాయి.

నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదా. ఎవరు మాట్లాడారు? ఒక్క ముక్క రాయి చాలు. నీ సముద్రం కబుర్లు వద్దు.

అక్క

*

ఓడ మీద నుంచి,
నలభయ్యో రోజు

అక్కా,

నీ ఉత్తరం చదివాను. ఆ చేత్తోనే కదా నా గడ్డం పట్టుకుని కన్ను చూశాడు.

వైరు ఎందుకు తెగిందో నీకు తెలియాలి. అడుగున రాయి ఉంది. నేను రాశానే, బ్యాక్టీరియా పోసిన చపటా, అది. మెత్తటి బురద కింద చెయ్యి లోతులో ఉంది. గొట్టం దాన్ని పగలగొట్టుకుని దిగింది, రాయి దాన్ని పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుంది. తర్వాత కెమెరా దింపి చూశాం. గొట్టం ఇంకా అక్కడే నిటారుగా నిలబడి ఉంది. అప్పుడే దాని మీద తెల్లటి పొర మొదలైంది. అవి ఎవరి కోసం ఆగవు. ఇనుమైనా ఇంకేదైనా వాటికి ఒకటే. గంటలకొద్దీ ఆ తెర ముందు కూర్చున్నాను.

అంటే తప్పు రాయిదని కూడా అనొచ్చు. విచారణ వాళ్ళకి ఇది చెప్తే బావ మీద కాస్త బరువు తగ్గుతుందేమో. రాస్తాను వాళ్ళకి.

గొంతు సంగతి అడిగావు. వించి గదిలో వినపడేది మాకు వినపడదు. ల్యాబులో ఇద్దరమే ఉన్నాం, నేనూ పెద్దసారూ. ఆయనకి నిండు గొట్టం ఎంత కావాలో, ట్రే గోడకేసి ఎలా కొట్టారో నీకు ముందే రాశాను. అంతకంటే నేను చెప్పలేను. ఉద్యోగం ఆయన చేతిలో ఉంది.

చేతికి చీము పట్టకుండా చూసుకోండి.

చెల్లి

*

ఇంటి నుంచి

పురుగా,

నువ్వు రాసింది నాకు చాలనిపించింది. ల్యాబులో ఇద్దరే అంటే ఎవరో అర్థం కానంత మొద్దుని కాదు. ఉత్తరం పట్టుకుని నేరుగా యార్డుకి వెళ్ళాను. చెవికి కట్టుతో వెల్డరు ఓడ అడుగున పడుకుని పనిచేస్తున్నాడు. అక్కడే నిలబడి చదివాను. పూర్తయ్యేదాకా విన్నాడు. లేచి, మూల పడున్న ఇనప పైపు తీసుకుని, మూరెడు కోసి, చివర నూరడం మొదలుపెట్టాడు. రవ్వలు నా చీర మీద పడ్డాయి. "పదకొండో తారీఖున మీ చెల్లి ఓడ రేవుకి వస్తుంది. ఆ సారు నిచ్చెన దిగుతాడు కదా. దిగనీ" అన్నాడు. నేను వద్దనలేదు. నాకు సంతోషమేసింది. ఎన్నాళ్ళకో కడుపు నిండినట్టయింది.

సాయంత్రం వదిన నా పట్టా కొయ్యలేదు. మంచినీళ్ళ గ్లాసు నా మిషను మీద పెట్టి వెళ్ళింది.

ఇంటికొచ్చి మీ బావకి చెప్పాను, ఇంక నువ్వు భయపడక్కర్లేదు, ఎవరో తెలిసిపోయింది, వాళ్ళు చూసుకుంటారు అని. అన్నం తింటున్నవాడు ఎడమచేత్తో కంచం ఎత్తి గోడకేసి కొట్టాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మీద అరిచాడు. "ఆయన కాదు! వాణ్ణి ఆగమను! ఆయన చలిగదిలో ఉన్నాడు, తలుపు వేసుకుని ఉన్నాడు, ఆయన కాదు!"

మరి ఎవరు అని అడిగాను.

లేచి వెళ్ళి, గోడ మీద నీ కాలేజీ ఫోటో ఉంది చూడు, నల్లగౌను వేసుకుని పళ్ళికిలించింది, దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. వచ్చి అన్నం ఏరాడు. ఒక్కో మెతుకూ ఎడమచేత్తో. నేను వెళ్ళి ఫోటో ఇటు తిప్పాను. ఆయన మళ్ళీ అటు తిప్పాడు.

ఎందుకలా చేశాడో నాకు తెలియదు. తెలియదనే రాస్తున్నాను. ఇంక నిన్ను ఏమీ అడగను. పదకొండో తారీఖుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. వెల్డరు రోజూ ఆ పైపు నూరుతున్నాడు.

అక్క

*

ఓడ మీద నుంచి,
నలభై ఏడో రోజు

అక్కా,

నేనే.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేసినా సరిపోతుంది. కానీ పోయిన ఉత్తరంలో నేను ఒక్క అబద్ధమూ ఆడకుండా ఒక మనిషిని చంపించబోయాను. అందుకని ఈసారి ఏదీ దాచకుండా రాస్తాను.

వైరు తెగడానికి ముందురోజు అదే చోట వేసిన గొట్టం చివర పిడికిలంత రాయి ఇరుక్కుని వచ్చింది. బూడిదరంగు, తేనెతుట్టెలా చిల్లులు. చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసింది, కింద చపటా ఉందని. రాయి వస్తే పెద్దసారుకీ డెక్కు మేస్త్రీకీ వెంటనే చెప్పాలి. చెప్తే ఆ చోటు వదిలేసి ఓడని జరుపుతారు. కానీ నా గుత్తులు ఎక్కువగా ఉండేది ఆ రాతి పక్కనే. ఒక్క నిండు గొట్టం అక్కడే దొరుకుతుంది. రాయిని సొరుగులో పెట్టి, మీద మేజోళ్ళు కప్పాను. పుస్తకంలో "మెత్తటి బురద" అని రాశాను. అగ్గిపెట్టెలో పురుగుని దాచినట్టే.

మర్నాడు గొట్టం ఇరుక్కుంది. ల్యాబు కిటికీలోంచి అంతా కనపడుతుంది. ముల్లు ఎర్రగీతని తాకింది. ఈలన్నయ్య పిడికిలి పైకెత్తాడు. చూశాను. కనపడలేదని చెప్పను, ఎండలో ఆయన వేళ్ళ మీది వెంట్రుకలు కూడా కనపడ్డాయి. బావ ఆపాడు. ఇంక వైరు కోసేస్తారు, గొట్టం పోతుంది, ఓడ కదులుతుంది, నాకేమీ మిగలదు. పెద్దసారు ల్యాబులోనే, వెనక నమూనాలు దాచే చలిగదిలో ఉన్నారు. మీట నొక్కాను.

"బావా, ఇంకొక్క పట్టు. వచ్చేస్తుంది" అన్నాను.

ఆపరేటరు గారూ అనలేదు అక్కా. బావా అన్నాను. ఓడెక్కాక అదే మొదటిసారి. అలా అంటే కాదనడని నాకు తెలుసు. నువ్వు స్కూటరు సంగతి రాసిన ఉత్తరం రెండు రోజుల ముందే చదివాను.

వించి తిరిగింది.

ఆ తర్వాత అందరూ బావని కొడుతుంటే నేను ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డాను. వించి గది తలుపుకి తల కొడుతుంటే బావ నా వైపు చూశాడు. చూసి, మొహం తిప్పుకున్నాడు. అప్పుడే అర్థమైంది, చెప్పడని. నాకు అప్పుడు కలిగింది సిగ్గు కాదు. హాయి. దాన్ని కూడా రాస్తున్నాను, ఎందుకంటే అదే నన్ను ఇన్నాళ్ళూ తినేస్తోంది.

ఈరోజు పొద్దున ఇదంతా రాసి సంతకం పెట్టి, సొరుగులోంచి రాయి తీసి కెప్టెన్ బల్ల మీద పెట్టాను. ఆయన విచారణ వాళ్ళకి వైర్‌లెస్‌లో చెప్పారు. పెద్దసారుని పిలిచారు. ఆయన రాయిని చాలాసేపు తిప్పి చూశారు. "ఇది నాకు చూపించి ఉంటే ఆ పూటే కదిలేవాళ్ళం" అన్నారు. అంతే. ట్రే ఎత్తి నా మొహాన కొట్టినా బాగుండేది. వెల్డరు పైపు సంగతి కూడా ఆయనకి చెప్పాను. అది నా ఉత్తరం నూరిన పైపు అని చెప్పాను. ఓడ వాళ్ళకి తెలిసిపోయింది. నేను వెళ్తే భోజనాల బల్ల దగ్గర అందరూ లేచిపోతున్నారు. వంటవాడు నా కంచం నేల మీద పెడుతున్నాడు. తింటున్నాను.

పదకొండో తారీఖున నిచ్చెన మీద ముందు నేను దిగుతాను. పెద్దసారు నా వెనకాల. వెల్డరుకి చెప్పు.

ఇది షెడ్డులో అందరి ముందూ చదువు. వదిన వినాలి.

చెల్లి

*

టార్పాలిన్ షెడ్డు

నీకు,

ఆఖరి పడవకి ఇది అందాలని నిలబడే రాస్తున్నాను.

చదివాను. వెల్డరుని కూడా పిలిపించాను. అందరూ మిషన్లు ఆపారు. వదిన ఒక్కతే ఆపలేదు. కుడుతూనే వింది. నువ్వు మీట నొక్కిన చోటికి వచ్చేసరికి మిషను ఆగింది. "ఆ మాట మళ్ళీ చదువు" అంది. ఇంకొక్క పట్టు, వచ్చేస్తుంది, అని చదివాను. "మళ్ళీ" అంది. మూడుసార్లు చదివించింది. అప్పుడు లేచి దగ్గరికొచ్చి, "నీ చెల్లెలి గొంతు నీలాగే ఉంటుందా?" అని అడిగింది. అవును, ఫోనులో మా నాన్నకే తేడా తెలిసేది కాదు అన్నాను. చేతిలో ఉన్న దారపు రీలుతో నా నోటి మీద కొట్టింది. పెదవి చీలింది, కింది పన్ను కదిలింది. నేను ఆపలేదు. ఆ దెబ్బ నీది. దారిలో నేను ఉన్నాను.

"నువ్వెందుకు చదువుతున్నావు? దాన్ని రమ్మను" అంది. మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

వెల్డరు పైపుతో మా ఇంటికి వచ్చాడు. నేను కత్తిపీట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అతను నన్ను దాటి వెళ్ళి, మీ బావ ముందు నేల మీద కూర్చున్నాడు. ఆ కట్టు కట్టిన చెయ్యి చూస్తూ ఒక్కటే అడిగాడు. "మా అన్న పిడికిలి కనపడింది కదా. మరి ఎందుకు లాగావు?" ఆయన చెప్పాడు. "కనపడింది. ఆ గొంతు ఇంకెవరిదైనా అయితే లాగేవాణ్ణి కాదు. అందుకే తప్పు నాది." వెల్డరు ఏడ్చాడు. ఏడుస్తూనే పిడికిలితో నేలని కొట్టాడు, గచ్చు మీద రక్తం మరకైంది. నేను కడగలేదు. పోతూ పైపు తీసుకెళ్ళాడు. ఇంట్లో వదిలేసి వెళ్ళలేదు, అది నీకు తెలియాలి.

కేసు వాళ్ళు మళ్ళీ విచారణ పెడతామన్నారు. నీ మీద ఏం పెడతారో తెలియదు. మీ బావ నిన్ను ఏమీ అనొద్దంటున్నాడు. ఆయన మాట ఆయనది. నాకు నిన్ను చూడగానే ఏం చెయ్యబుద్ధేస్తుందో నాకే తెలియదు. బద్ద నా మిషను పక్కనే ఉంటుంది, రోజూ ఉన్నట్టే.

నిచ్చెన దిగాక ఇంటికి వెళ్ళకు. నేరుగా షెడ్డుకి రా. వదిన ఎదురుగా, నా మిషను పక్కన నిలబడు. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, చేతికిస్తాను. మొదటి మాట నుంచి పైకి చదువు. మధ్యలో ఎవరు లేచినా ఆపకు.

మిషన్లన్నీ ఆపిస్తాను. నీ ఒక్క గొంతే వినపడాలి.

అక్క